బొమ్మ కింద పేరు

శుక్రవారం పొద్దుగూకేలోపు షాయిస్తా చేయాల్సిన పనులు ఇవి. గిద్దలూరులో కుక్కను రానిచ్చే గది ఒకటి వెతకాలి. అబ్బా మాత్రలు టీవీ పక్క నుంచి తీసి, వచ్చినవాళ్ల కంటపడని చోట పెట్టాలి. టీ గ్లాసు సగానికి మించి నింపొద్దని దాదీకి చెప్పాలి. మోచేతి దగ్గర పసుపురంగు మరక ఉన్న అబ్బా నీలం చొక్కా ఉతికి ఆరేయాలి. బ్రష్షులు టర్పెంటులో జాడించి, వెంట్రుకలు వంగకుండా వేళ్లతో సాపు చేసి పెట్టాలి. రంగు డబ్బాల మూతలు ముందే ఊడదీసి, మళ్లీ వదులుగా మూయాలి. చూపించే గోడలు ఏవేవో వరుస అనుకోవాలి. చూపించకూడని గోడ ఒకటుంది, ఆ దారి ఎట్లా తప్పించాలో ఆలోచించాలి.

అన్నిటికంటే ముఖ్యం, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లున్న రెండు రోజులూ అబ్బా చేతికి బ్రష్షు రాకుండా చూసుకోవాలి.

గది దొరకడమే కష్టమైంది. స్టేషన్ రోడ్డులో ఉన్న లాడ్జీల వాళ్లు కుక్క అన్న మాట వినగానే తల అడ్డంగా ఊపారు. చివరికి రాచర్ల రోడ్డులో వెల్డింగు షాపు నడిపే శ్యాంసన్ తన మేడ మీద గది ఇస్తానన్నాడు. "కుక్కకు ఆధార్ అడగనులే పాపా, మనుషుల్ది జిరాక్సు ఇస్తే చాలు" అన్నాడు. షాపు గోడకు రోడ్డు వైపున కొత్తగా సిమెంటు పూయించి తెల్లరంగు కొట్టించి పెట్టుకున్నాడతను. వలి మామ చేత దాని మీద ఒక బొమ్మ వేయించుకోవాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఆ మాట ఇప్పుడు ఎత్తొద్దని షాయిస్తా చెప్పలేకపోయింది.

వలి మామ అంటే షాయిస్తా తండ్రి, ఆమె అబ్బా అని పిలిచే వలి బాషా. గిద్దలూరు చుట్టుపక్కల షాపు బోర్డులు, గుడి గోడల మీద దేవుళ్లు, చర్చిలో గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు, టైర్ల షాపు ముందు పులి, అన్నీ ఆయన వేసినవే. పోయిన ఏడాది నుంచి ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఒంగోలు డాక్టరు మాత్రలు రాశాడు గాని, అవి నిద్ర తెప్పించినంతగా చేతిని నిలబెట్టలేదు. అప్పటి నుంచి గోడ ముందు నిలబడేది షాయిస్తా. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ గీత ఇంకొంచెం లాగమని, ఆ నీడ చిక్కగా పడిందని చెబుతూ ఉంటాడు. ఎవరైనా ఆగి చూస్తే ఆయన లేచి రంగు కలుపుతున్నట్టు డబ్బా మీదికి వంగుతాడు. పాప నేర్చుకుంటాంది అంటాడు. బొమ్మ కింద మాత్రం వలి ఆర్ట్స్ అనే రాయిస్తాడు. దీని గురించి తండ్రీ కూతుళ్లు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వస్తున్నవాళ్లు హైదరాబాదు భార్యాభర్తలు, మల్లిక, విజయ్ కుమార్. శని ఆదివారాలు కుక్కను కారులో ఎక్కించుకుని, గోడల మీద, గుళ్లల్లో బొమ్మలున్న చిన్న ఊళ్లు తిరిగి వీడియోలు పెడతారు. వాటిని చూసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఈసారి వాళ్లకు ఇంకో పని కూడా ఉంది. రైల్వే స్టేషన్ల గోడలకు ఆయా ఊళ్ల చిత్రకారుల చేత బొమ్మలు వేయించే సంస్థ ఒకటి గిద్దలూరుకు మనిషిని చూడమని వాళ్లకు అప్పగించింది. ఆ సంగతి తెలిసి షాయిస్తానే వాళ్లకు వీడియోలు పంపింది. వీడియోలో ముఖం అబ్బాది. గోడ మీద కదిలే చెయ్యి మాత్రం షాయిస్తాది, అబ్బా నీలం చొక్కా తొడుక్కుని తీసింది. ఆ స్టేషన్ గోడ ఆయన పేరు మీద రావాలి, ఆయన ఇంకా చిత్రకారుడుగా ఉండగానే రావాలి. ఆమెకు కావలసింది అంతే.

వాళ్లు చీకటి పడకముందే వచ్చారు. కుక్క పేరు బూందీ. గోధుమరంగుది, పెద్దది, నెమ్మదైనది. షాయిస్తా దాదీ, నాయనమ్మ ఖాజాబీ అప్పటికే తను నమాజు చేసే జానిమాజ్ మడిచి అటక మీద పెట్టించి, వసారాలో మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. కుక్క ఉన్న ఇంటికి ఫరిష్తాలు, దేవదూతలు రారంట కదా అని పక్కింటామె అడిగితే, ముసలామె కుక్కను ఎగాదిగా చూసి, "రాకపోతే పాయె. రెండు రోజులు వాళ్లూ సెలవు తీసుకుంటారు" అంది.

బూందీ ఎవరినీ చూడకుండా తిన్నగా వలి బాషా దగ్గరికి పోయి, ఆయన ప్యాంటు జేబుకు మూతి ఆనించింది. కుడిచెయ్యి ఆ జేబులో ఉంది. ఆయన కదల్లేదు. కుక్క జేబు అంచు నాకింది, బయటికి కనబడుతున్న మణికట్టు నాకింది. భయమేమీ లేదని, దాని తల మీద చెయ్యి వేయమని విజయ్ కుమార్ నవ్వుతూ చెప్పాడు. షాయిస్తా టీ ప్లేటు పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. వలి బాషా ఎడమచేత్తో దాని చెవి నిమిరి, "నమాజుకు పోవాల సార్, కడుక్కోనొస్తా" అని పెరట్లోకి నడిచాడు. మరుక్షణం తొట్టి అంచుకు మగ్గు టకటకా కొట్టుకునే చప్పుడు వినబడింది. ఖాజాబీ ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచి, హైదరాబాదులో ఎండలు ఎట్లున్నాయని మల్లికను అడిగింది.

శనివారం పొద్దున్నే కారులో బయలుదేరారు. వెనక సీట్లో ఒక పక్క వలి బాషా, ఒక పక్క షాయిస్తా, మధ్యలో కుక్క. దాని తల ఆయన ఒడిలో ఉంది. కారు ఊపుకు ఆయన చెయ్యి వణుకు ఎవరికీ తెలియదు. దారిపొడవునా షాయిస్తాకు ఊపిరి కాస్త తేలికగా ఆడింది.

మార్కాపురంలో గుడిలోకి కుక్కను తీసుకుపోకూడదు గనుక వలి బాషా దానితో గోపురం బయటే కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ మండపంలో స్తంభాల మీద బొమ్మలు చూసి వచ్చేసరికి, ఆయన గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, చెప్పుల దగ్గర కూర్చున్న ముసలాయనతో మాటల్లో ఉన్నాడు. అక్కడి నుంచి పలకలు చేసే షెడ్డుకు పోయారు. ఊరు ఊరంతా ఒకప్పుడు పలకల మీదే బతికిందని షాయిస్తా చెబుతూ ఉంటే, విజయ్ కుమార్ చెక్క అంచు కట్టని పలక ఒకటి తీసి, సుద్దముక్క కలిపి వలి బాషా ముందు పెట్టాడు.

"ఒక్క గీత, బాషా గారు. బూందీ ముఖం. మీ చెయ్యి కదలడం దగ్గరగా చూడాలి."

మల్లిక ఫోను ఎత్తి పట్టుకుంది. షెడ్డులో రాయి కోసే మిషను ఆగింది. వలి బాషా పలకను ఎడమచేత్తో తీసుకుని, వెలుతురుకు పట్టి, గరుకు చూసినట్టు బొటనవేలితో రుద్దాడు. ఆ తర్వాత దాన్ని షాయిస్తా చేతిలో పెట్టాడు.

"ఇంత చిన్న పని మా పాప చేస్తాది సార్. నాకు గోడ కావాల."

అందరూ నవ్వారు. షాయిస్తా పలకను మోకాలి మీద పెట్టుకుని, సుద్దముక్కను అడ్డంగా పట్టి, చెవి నుంచి మూతి దాకా ఒకే గీత లాగింది. తొందరలో ఎక్కువ బాగా లాగింది. ఆ సంగతి గీత పూర్తయ్యాక గాని ఆమెకు తట్టలేదు. మల్లిక నవ్వడం మానేసి పలకను చూసింది, తర్వాత షాయిస్తా వేళ్లను చూసింది. పలకను అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం పెద్దారవీడు దాటి, నల్లమల అంచున ఉన్న చిన్న గూడేనికి పోయారు. అక్కడ లింగమ్మ అనే పెద్దామె ఇంటి పక్కన అమ్మవారి గుడి ఉంది. గుడి అంటే మనిషి ఎత్తు గది, దాని వెనక గోడ మీద అమ్మవారి బొమ్మ. చీర అంచు, చేతి గాజులు, ముక్కుపుడక అన్నీ నిన్ననే వేసినంత తీరుగా ఉన్నాయి. కండ్లు మాత్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న కన్ను కొంచెం పక్కకు చూస్తోంది.

మల్లిక అదేమిటని అడిగింది. వలి బాషా చెప్పకపోయేసరికి లింగమ్మ అందుకుంది. ఆమె ఇప్పపూలు ఎండబోసిన చోట నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, తనే గుడి కట్టినంత గర్వంగా చెప్పింది.

"ఈయన అన్నీ ఏస్తాడమ్మా, కండ్లు పెట్టడు. జీవం పోసేది మనిషి పని కాదంట, వాళ్ల నాయన కాడి నుంచి కట్టుబాటు. గోడ ఎవురిదో వాళ్లే పెట్టుకోవాల. పెట్టు పెద్దమ్మా అని బుర్సు నా చేతికిచ్చె. నాకు ఒళ్లంతా చెమట్లు."

కన్ను పక్కకు పోయింది గదా అని విజయ్ కుమార్ అంటే, ఆమె అతన్ని జాలిగా చూసింది. "పక్కకు పోలే నాయనా. అటు దిక్కు నా గొర్రెలుంటాయి."

మల్లిక ఆ మాటను మళ్లీ చెప్పించుకుంది, ఇంకోసారి చెప్పించుకుంది. ముస్లిం చిత్రకారుడు దేవుణ్ని గీసి కళ్లు వదిలేయడం, ఆ ఊరి మనిషి వచ్చి కళ్లు పెట్టడం, ఇంత గొప్ప సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదని కారు దాకా అంటూనే వచ్చింది. ఆయన వేసిన ప్రతి బొమ్మకూ ఇంతేనా అని అడిగింది. ప్రతి బొమ్మకూ ఇంతేనని వలి బాషా చెప్పాడు. షాయిస్తా కారు తలుపు పట్టుకుని నిలబడింది.

తిరుగు దారిలో మల్లిక ఫోనులో పాత వీడియోలు తీసి, ఒకటి చూపించి, ఈ పొట్టేళ్ల బొమ్మ ఎక్కడుందని అడిగింది. రాచర్లలో అని షాయిస్తా చెప్పక తప్పలేదు. అటు రోడ్డు తవ్వి పోశారు, కారు పోదు అంది. విజయ్ కుమార్ ఫోనులో దారి చూసి, బాగానే ఉన్నట్టుంది, పోయి చూద్దాం అన్నాడు. రోడ్డు బాగానే ఉంది. గతుకు కూడా లేదు. షాయిస్తా కుక్క మెడ మీద వెంట్రుకలను వేళ్లతో చిక్కు తీస్తూ కూర్చుంది. పక్కన అబ్బా కళ్లు మూసుకుని ఉన్నాడు.

శ్రీశైలమ్మ టిఫిన్ హోటలు పక్క గోడ మీద రెండు పొట్టేళ్లు తలలు వంచి ఎదురెదురుగా ఉన్నాయి. కొమ్ముల మెలికలు, మెడ మీద ఉన్ని, కాళ్ల కింద లేచిన దుమ్ము. అన్నిటినీ మించి ఆ కండ్లు. నాలుగు కండ్లలోనూ ఒకే చోట తెల్లచుక్క, ఒకే చురుకు. ఒకదాన్నొకటి పొడవబోయే ముందు జంతువులు ఎట్లా చూసుకుంటాయో సరిగ్గా అట్లా చూసుకుంటున్నాయి.

శ్రీశైలమ్మ బజ్జీల పిండి అంటిన చేత్తోనే బయటికి వచ్చింది. కెమెరా చూసి కొంగు సర్దుకుంది. మల్లిక ఆమెను గోడ పక్కన నిలబెట్టి, ఇంత చక్కగా కళ్లు పెట్టారే, అంతకుముందు బొమ్మలు గీసేవారా అని అడిగింది.

"నేనేడ పెట్టినానమ్మా" అంది శ్రీశైలమ్మ. "ఆ పొద్దు నేను మా కోడల్ని చూపియ్యను మార్కాపురం ఆస్పత్రికి పోయినా. సాయంత్రం వచ్చి చూస్తే కండ్లున్నాయి. బాషన్న కట్టుబాటు తప్పినాడేందబ్బా అనుకున్నా. నాతో పెట్టియ్యలేదే అని రెండు రోజులు మనసులో ఉండె."

బజ్జీల మూకుడులో నూనె చిటపటలాడుతోంది. వలి బాషా గోడ దగ్గరికి నడిచి, ముఖం దాదాపు ఆనేటంత దగ్గరగా వంగి, పొట్టేలు కన్ను చూశాడు. తర్వాత రెండోది చూశాడు. ఈ బొమ్మ వేసిన రోజు మాత్రల మత్తులో ఆయన ఆటోలో నిద్రపోయాడు. వాన మబ్బు కమ్ముకొస్తోంది, వెలుతురు పోతోంది, కండ్లు లేని బొమ్మ వీడియోలో బోసిగా ఉంది. షాయిస్తా తనే కండ్లు పెట్టేసి, శ్రీశైలమ్మే పెట్టి పోయిందని ఆయనకు చెప్పింది.

"బాగా కుదిరినాయి" అన్నాడు వలి బాషా, గోడ వైపే చూస్తూ. వెనక్కి తిరిగి శ్రీశైలమ్మకు తప్పయిందని, ఇంకోసారి అట్లా జరగదని చెప్పాడు. ఆమె నొచ్చుకుని, అయ్యో అంత మాట ఎందుకన్నా అంటూ అందరికీ బజ్జీలు కట్టి ఇచ్చింది. మల్లిక అప్పటికే ఫోనులో లింగమ్మ అమ్మవారి కండ్లు, పొట్టేళ్ల కండ్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. తర్వాత సంచిలో నుంచి పలక తీసింది. షాయిస్తా వైపు మాత్రం చూడలేదు. చూసి అడిగేసి ఉంటే బాగుండేదని గిద్దలూరు వచ్చేదాకా షాయిస్తా అనుకుంటూనే ఉంది. కారులో బజ్జీలు ఎవరూ తినలేదు, బూందీ ఒక్కటే తిన్నది.

ఇంటికి చేరాక, ఖాజాబీ కొడుక్కి అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టింది. ఈ మధ్య ఆమె అట్లాగే చేస్తోంది. ఆయన గోడకు ఆనుకుని తిన్నాడు. షాయిస్తా ఎదురుగా కూర్చుని, తిట్టు కోసం ఎదురుచూసింది. చిన్నప్పుడు రంగు ఒలకబోస్తే వీధి చివరిదాకా వినబడేలా తిట్టేవాడు. ఇప్పుడు నీళ్ల చెంబు ఎడమచేత్తో ఎత్తి తాగి, కింద పెట్టి, ఒకే మాట అడిగాడు.

"నన్నెందుకు లేపలే?"

"వానొచ్చేటట్లుండె అబ్బా."

"లేపితే ఏమయ్యేది?"

లేపితే, శ్రీశైలమ్మ వచ్చేదాకా ఆగుదామనేవాడు. వాన పడేది. వీడియో పోయేది. షాయిస్తా ఖాళీ చెంబు తీసి పక్కన పెట్టింది. ఆయన శ్యాంసన్ గోడకు కొట్టిన తెల్లరంగు ఆరిందో లేదో పొద్దున్నే చూడమని చెప్పి, మంచం మీదికి ఒరిగాడు.

ఆదివారం శ్యాంసన్ చర్చికి పోతూ తాళాలు ఇచ్చిపోయాడు. ఎండ ఇంకా ఎక్కలేదు. షాయిస్తా గోడ మీద అరచెయ్యి పెట్టి చూస్తుంటే మల్లిక మేడ మెట్లు దిగి వచ్చింది. వీడియోల్లో చెయ్యి నీదే కదా అని మెల్లగా అడిగింది. షాయిస్తా అవునంది. నాన్నగారి చెయ్యి సంగతి కూడా మొదటి రోజే విజయ్ గమనించాడంది మల్లిక. షాయిస్తా కళ్ల ముందు స్టేషన్ గోడ ఒక్కసారిగా చెరిగిపోయింది. అబ్బాకు తనేం చెప్పాలో, ఏ ముఖంతో చెప్పాలో వెతుక్కుంటూ ఉండగా మల్లిక ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"భయపడకు. ఇందులో ఇబ్బందేమీ లేదు. స్టేషన్ గోడ నువ్వే వెయ్యి. నాన్నగారు పక్కన కూర్చుంటారు, ఫొటోలకు బ్రష్షు పట్టుకుంటారు. పేరు ఆయనదే ఉంటుంది. జనానికి కావలసింది ఆయన కథ."

షాయిస్తా ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక శ్యాంసన్ ఇనుప చువ్వల కట్ట మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఏది బయటపడుతుందని నిద్రపోలేదో, అది బయటపడ్డాక కూడా గోడ పోలేదు. తను దొంగచాటుగా చేసిన పనే ఇప్పుడు అందరూ ఒప్పుకున్న పద్ధతి అయింది. మేడం చాలా మంచిదనుకుంది. థాంక్స్ అని రెండుసార్లు చెప్పింది.

సంస్థవాళ్లకు చూపడానికి మచ్చుగా ఈ గోడ మీద బూందీ బొమ్మ వేయాలన్నారు. వలి బాషాకు విజయ్ కుమార్ సంగతంతా చెప్పాడు. ఆయన అంతా విని, పాప ఏమన్నాది అని అడిగాడు. ఒప్పుకుందని చెప్పారు. సరే అని స్టూలు మీద కూర్చున్నాడు. నీలం చొక్కా వేసుకోమంటే వేసుకున్నాడు. బ్రష్షు పట్టుకోమంటే పట్టుకున్నాడు, మల్లిక చెప్పినట్టు మోకాలికి మోచెయ్యి గట్టిగా ఆనించి. కుక్క ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. షాయిస్తా దారానికి నీలం సుద్దపొడి రాసి గోడ మీద బిగించి కొట్టింది, గడులు గీసింది, పొడుగు బ్రష్షుతో వీపు వంపు లాగింది. ఎప్పటిలాగే, ఆ మూతి కొంచెం పొట్టిగా పెట్టు అనో, కాలి కింద నీడ మరువకు అనో వెనక నుంచి మాట వస్తుందని చూసింది. ఏ మాటా రాలేదు. తిరిగి చూస్తే ఆయన రంగులేని బ్రష్షు పట్టుకుని కెమెరా ఎటు చెబితే అటు చూస్తున్నాడు.

ఆమె చెయ్యి అప్పుడు ఆగింది. మళ్లీ వేసింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బొమ్మ పూర్తయింది, కండ్లు తప్ప. ఆటోవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆపి చూస్తున్నారు. కండ్లు పెట్టడానికి ఆ లింగమ్మ గారిని కారు పంపి పిలిపిస్తే ఎట్లా ఉంటుందని మల్లిక అంది. చర్చి నుంచి వచ్చి చొక్కా కూడా మార్చని శ్యాంసన్ అడ్డం వచ్చాడు.

"అదేంది మేడం. గోడ నాది, పెద్దారవీడు నుంచి మనిషేంది? నా కుక్కకు కండ్లు పెట్టేదానికి నేను గుడ్డోన్నా?"

కుక్క మాది కదండీ అని విజయ్ కుమార్ అన్నాడు. కుక్క మీదే, గోడ మీద ఉన్న కుక్క నాది అన్నాడు శ్యాంసన్. ఆటోవాళ్లు నవ్వారు. వలి బాషా చిన్న బ్రష్షు నల్లరంగులో ముంచమని షాయిస్తాకు చెప్పి, దాన్ని శ్యాంసన్‌కు ఇప్పించాడు. ఇనుము అతికించే చెయ్యి అది. ఊపిరి బిగబట్టి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చుక్కలు పెట్టాడు. గోడ మీద బూందీ రోడ్డు మీద పోయే లారీని అనుమానంగా చూడడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది పేరు. షాయిస్తా కింద మూలన వలి ఆర్ట్స్ అని రాస్తే, ఆఖరి అక్షరం మీద నుంచి ఆయన బ్రష్షు ఎత్తుతున్నట్టు తీద్దామని మల్లిక చెప్పింది. షాయిస్తా కాళ్ల మీద కూర్చుని, బ్రష్షు ఎర్రరంగులో ముంచి, డబ్బా అంచుకు అటూ ఇటూ ఒత్తింది.

"ఇటియ్యి" అన్నాడు వలి బాషా.

ఆయన స్టూలు మీద నుంచి లేచాడు. వద్దు అబ్బా అని ఆమె పెదాలతోనే అంది. ఆయన వంగి, ఆమె చేతిలో నుంచి బ్రష్షు కుడిచేత్తో తీసుకున్నాడు. జేబులో దాచుకోలేదు, మోకాలికి ఆనించుకోలేదు. రోడ్డు మీద నలుగురూ చూస్తుండగా ఆ చెయ్యి గాలిలో వణికింది. బ్రష్షు కొనన ఉన్న రంగు ఆయన చొక్కా మీద, కుక్క వీపు మీద చింది పడింది. ఆటోవాళ్ల నవ్వు ఆగిపోయింది. షాయిస్తా లేచి మణికట్టు కింద తన చెయ్యి పెట్టబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఒక మోకాలు నేల మీద ఆనించి కూర్చున్నాడు. బ్రష్షు గోడకు తగలగానే ఎగిరింది. ఎర్ర గీత ఒకటి పక్కకు పోయింది. దాన్ని వదిలేసి మళ్లీ పెట్టాడు. ముప్పై ఊళ్ల షాపుల పేర్లు స్కేలు పెట్టకుండా రాసిన చెయ్యి ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగింది, ఎగిరింది, మళ్లీ వచ్చింది. మెడ మీద నరం ఉబ్బింది. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి, రంగు కారి తోకలు దిగాయి. అయినా చదవడానికి వచ్చాయి.

షాయిస్తా.

వలి బాషా లేవడానికి శ్యాంసన్ భుజం పట్టుకున్నాడు. లేచాక విజయ్ కుమార్ వైపు తిరిగాడు.

"బొమ్మ ఏసింది మా పాప సార్. నా చెయ్యి ఇదీ. పని తనకిస్తే ఈ పేరు మీద ఇయ్యండి. నేను ఉత్త బుర్సు పట్టుకోను."

మల్లిక ఫోను దించింది. ఆమెకు కోపం రాలేదు, బాధే వేసింది. అది దాచుకోలేదు. సంస్థవాళ్లు ఆయన పేరు చూసే ఒప్పుకున్నారని, కొత్తమ్మాయి పేరు చెబితే ఏమంటారో తన చేతిలో లేదని ఉన్నమాట చెప్పింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది కదా, టర్పెంటుతో తుడిస్తే పోతుంది, అందరం కాసేపు ఆలోచించుకుందాం అన్నాడు విజయ్ కుమార్. అతను ఆ మాట అన్నది షాయిస్తాతో. టర్పెంటు డబ్బా ఆమె కాళ్ల దగ్గరే ఉంది, పక్కనే గుడ్డ ఉంది. స్టేషన్ గోడ ఇంకా పోలేదు. ఆ గుడ్డ తడిపితే ఉంటుంది.

షాయిస్తా డబ్బా ఎత్తింది. అబ్బా ఆమె వైపు చూడలేదు, రోడ్డు వైపు చూస్తున్నాడు. చొక్కా చేతి మీద ఎర్రచుక్కలు ఆరుతున్నాయి. ఆమె డబ్బా మూత వెతికి, పెట్టి, అరచేత్తో గట్టిగా ఒత్తి మూసింది.

వాళ్లు మధ్యాహ్నమే బయలుదేరారు. ఫోను చేస్తామన్నారు. కారు ఎక్కేముందు బూందీ వచ్చి వలి బాషా కుడిచెయ్యి నాకింది. ఆయన ఆ చేత్తోనే దాని తల నిమిరాడు. ఫోను రాలేదు. స్టేషన్ గోడకు వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు నెమళ్లు వేసిపోయారు, బాగానే వేశారు. రాచర్ల రోడ్డులో ఎరువుల షాపతను మాత్రం శ్యాంసన్ గోడ చూసి వచ్చి, ఎద్దుల జత వేయాలి, షాయిస్తా అంటే ఎవరని ఇంటి ముందు నిలబడి అడిగాడు. ఖాజాబీ లోపలికి కేకేసి పిలిచింది.

మీరెప్పుడైనా గిద్దలూరులో దిగి రాచర్ల ఆటో ఎక్కితే, వెల్డింగు షాపు గోడ మీద లారీలను అనుమానంగా చూసే కుక్క బొమ్మ కనబడుతుంది. కింద అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వుకోవద్దు. అక్కడ షాయిస్తా పేరు ఉంటుంది, దాన్ని మీరు ఎట్లాగూ చదువుతారు. ఆ పేరు రాసినాయన పేరు ఆ గోడ మీద ఎక్కడా లేదు. ఆయన వలి బాషా. దయచేసి గుర్తుపెట్టుకోండి.